‘పొ’ అంటే ఏ ఊరు

మా చర్చికి వందేళ్ళు నిండబోతున్నాయి, చరిత్ర రాసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పాస్టరుగారు ఒక ఆదివారం ఆరాధన చివర్లో అడిగారు. ఆయన మాట పూర్తికాకముందే నేను లేచి నిలబడ్డాను. అటువైపు ఆడవాళ్ళ వరుసలో మా ఆవిడ తల పట్టుకోవడం కనిపించింది. నేను ఎక్కడ తొందరపడి లేచినా ఆమె ముందుగానే తల పట్టుకునేది. ఏడేళ్ళ కాపురంలో అలవాటైపోయింది పాపం.

ఎనభైల మొదట్లో సంగతి. గుంటూరు జిల్లాలో మిరపా పత్తీ పండే పల్లెల మధ్య చిన్న టౌను మాది. మిషన్ కాంపౌండులో చర్చి, హైస్కూలు, ఆడపిల్లల బోర్డింగు, ఎప్పుడో మూతబడిన ఆసుపత్రి ఉండేవి. నేను హైస్కూల్లో సోషల్ మాస్టారిని. మొగలు చక్రవర్తుల వరసంతా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేవాణ్ణి గానీ, మా తాత ఏ ఊరినుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడని ఎవరైనా అడిగితే మా నాన్న ముఖం వంక చూసేవాణ్ణి. చరిత్ర అనేది ఢిల్లీలో జరిగే వ్యవహారమని నా గట్టి నమ్మకం. అలాంటివాడి చేతికి మా వాళ్ళ చరిత్ర అప్పగించారు.

చర్చి వెనక చిన్న గదిలో ఒక రేకు పెట్టె ఉండేది. బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్ళి రిజిస్టర్లు, సమాధుల పుస్తకం అన్నీ అందులోనే. మా వాళ్ళలో చాలామంది కూలి చేసుకునేవాళ్ళు. పొలాల్లేవు కాబట్టి పొలం కాగితాల్లో మా తాతల పేర్లుండవు. కరణం పుస్తకాల్లో ఉండవు. ఎవరైనా మనవడు మా తాత అనే మనిషి ఒకడు ఈ భూమ్మీద తిరిగాడని చూపించాలంటే ఆ రేకు పెట్టె తప్ప గతి లేదు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు నాకు తోచలేదు. అప్పుడు నాకు తోచిందల్లా తుమ్ము ఒక్కటే.

ఎందుకంటే ఆ గది నిండా మిరపకాయల బస్తాలు. కోత పండుగకి రైతులూ కూలీలూ మొదటి కోత తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవాళ్ళు. వేలం వేసేదాకా ఆ బస్తాలు ఈ గదిలోనే పడేసేవాళ్ళు. ఏటేటా వేసిన మిరపకాయల ఘాటు గోడలకీ పెట్టెకీ కాగితాలకీ పట్టేసింది. పెట్టె మూత తీసి పదకొండు తుమ్ములు తుమ్మాను. పన్నెండోది వచ్చేలోపు బయటికి పరుగెత్తి, ఈ బస్తాలు తక్షణం ఇక్కణ్ణించి తీయించకపోతే నేను రాయనని పాస్టరుగారికి చెప్పేశాను. ఆయన మెత్తటి మనిషి. సాయంత్రానికి బస్తాలన్నీ బోర్డింగు స్టోరు రూములోకి పోయాయి. గది కడిగించి, సున్నం కొట్టించి, ఆరబెట్టించాను.

అన్నేళ్ళ ఆ కాగితాల్లో ఒక్క చెదపురుగు లేదు, ఒక్క బొద్దింక లేదు. పాతకాలపు కాగితం గట్టిదని అందరికీ చెప్పాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తర్వాత గదికి ఒక బోర్డు కావాలనిపించింది. ‘చరిత్ర భాండాగారం’ అని రాయమని పెయింటరుకి కాగితం మీద రాసిచ్చాను. అతను ‘చరిత్ర బండాగారం’ అని రాసి, ఎండిన తర్వాత తెచ్చి తగిలించాడు. దిద్దించేలోపు పేరు కాంపౌండంతా పాకిపోయింది. తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను బండాగారు అనడం మొదలుపెట్టారు. నాకు వినబడదనుకునేవాళ్ళు. టీచర్ల గదిలో కూడా అనేవాళ్ళు, అక్కడ వినబడుతుందని తెలిసే.

మీ ఇళ్ళలో పాత ఫోటోలు, ఉత్తరాలు ఉంటే తెచ్చివ్వండి, మీ మూలాలు మీకు చెబుతాను అని చర్చిలో ప్రకటించాను. ‘మూలాలు’ అన్నప్పుడు నా గొంతు కొంచెం వణికింది కూడా. వారంలో వచ్చినవి ఏమిటంటే, ఒక విదేశీ బిస్కెట్ డబ్బా, రెండు సైకిలు దీపాలు, ఒక కళ్ళజోడు, ఎవరిదో తెలియని పెళ్ళి ఫోటో. అందులో పెళ్ళికొడుకు ముఖం మసకబారి, వెనకున్న కుర్చీ మాత్రం స్పష్టంగా ఉంది. “కుర్చీ చరిత్ర రాయండి” అంది మా ఆవిడ. ఒళ్ళు మండింది గానీ, వంట ఆవిడ చేతిలో ఉంది కాబట్టి ఊరుకున్నాను.

అసలు పని రిజిస్టర్లది. అవి నలిగిపోతున్నాయని, కొత్త పుస్తకంలో సాపు ప్రతి రాయాలని నిర్ణయించుకున్నాను. నా దస్తూరి బాగుంటుంది. బాగుంటుందని నేను అనడం కాదు, పెళ్ళి శుభలేఖల మీద అడ్రసులు రాయడానికి ఊరంతా నన్నే పిలిచేది. అందుకే అందరి బంధువుల ఊళ్ళూ నాకు తెలుసుననే అహంకారం కూడా ఉండేది. పాత రిజిస్టరులో పేరు, వయసు, ఊరు అని గళ్ళున్నాయి. ఊరు అన్న గడిలో ఆనాటి గుమాస్తా ఒక్కొక్క అక్షరం మాత్రమే రాసి ఊరుకున్నాడు. ‘చి’ అని ఒకటి, ‘న’ అని ఒకటి, ‘వే’ అని ఇంకొకటి. పని దొంగ, పూర్తిగా రాయడానికి బద్ధకం అనుకున్నాను. నేను ఆ అక్షరాలన్నిటినీ పూర్తి ఊళ్ళుగా విప్పి, ముత్యాల్లాంటి అక్షరాలతో సాపు ప్రతి రాస్తూ వచ్చాను. చుట్టుపక్కల ఊళ్ళే కాబట్టి చాలావాటికి ఇబ్బంది రాలేదు.

రాయడం అయ్యాక పాత రిజిస్టరుకు ఉపకారం చేద్దామని దానికి అట్ట కూడా వేశాను. మా ఆవిడ చేత మైదా జిగురు కాయించి, మందపాటి ఖాకీ కాగితం తెచ్చి, లోపలి వైపు చివరి పేజీ కూడా కలిపి గట్టిగా అంటించాను. చేత్తో నిమిరి చూసుకున్నాను. బిడ్డకి గౌను కుట్టించినంత సంబరపడ్డాను.

మీ మూలాలు చెబుతానన్న నా ప్రకటన విని నా దగ్గరికి వచ్చిన మనిషి ఒక్కరే. బోర్డింగులో వంట చేసే ఆయమ్మ. అరవై దాటిన మనిషి. అయిదేళ్ళ పిల్లగా ఆ బోర్డింగులో చేరి, అక్కడే చదువుకుని, అక్కడే వంటమనిషై, అందరిచేతా ఆయమ్మా అని పిలిపించుకుంటూ ఉండిపోయింది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు గోడ దూకి జామకాయలు కోస్తుంటే గరిటెతో వీపు మీద ఒకటిచ్చింది. మాస్టారినయ్యాక అండీ అనడం మొదలుపెట్టింది గానీ, గరిటె చేతిలో ఉన్నప్పుడు నేను అప్పటికీ కొంచెం దూరంగానే నిలబడేవాణ్ణి.

“మాస్టారూ, ఎవరి ఊరైనా చూసి చెబుతానన్నారుగా. మా ఊరేదో చెప్పండి” అంది.

“మీ ఊరు ఇదేగా ఆయమ్మా.”

“ఇది నేను పెరిగిన ఊరండీ. పుట్టిన ఊరు అడుగుతున్నా. కరువులో మాయమ్మ నన్ను తీసుకుని నడిచొచ్చిందంట. ఆస్పత్రి అరుగు మీద పడిపోయిందంట. ఇద్దరికీ బాప్తిస్మం ఇచ్చారు, మూడో రోజుకి మాయమ్మ పోయింది. తర్వాత నన్ను ఏ ఊరని అడిగినవాళ్ళు లేరు, అడిగినా చెప్పేందుకు నాకు తెలీదు. కరువు పిల్ల అనేవాళ్ళు.”

నాకు నోట్ బుక్ తెరవడం తోచింది. “ఏమైనా గుర్తున్నాయా?” అన్నాను, పెద్ద పరిశోధకుడిలాగా.

“రెండే గుర్తు. మా ఊళ్ళో బావి. చేద వేస్తే తాడు పోతానే ఉండేది, పోతానే ఉండేది. ఎప్పటికో నీళ్ళ చప్పుడు. రెండోది, ఒకమ్మాయి నన్ను చంకనేసుకుని తిరిగేది. మా అక్కేమోనని నా ఆశ. పక్కింటి పిల్లే కావచ్చు. అదొక్కటి తేల్చుకోవాలని ఉంది మాస్టారూ. నాకు మనుషులున్నారో లేరో.”

ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె నా వంక చూడలేదు, కిటికీ చువ్వలు తుడుస్తూ అంది. నేను కడిగించిన కిటికీయే అది, దుమ్ము లేదు.

రిజిస్టరు తెరిచాను. ఒకే రోజున తల్లి, కూతురు, ఒకదాని కింద ఒకటి. ఊరు గడిలో ‘పొ’. నా సాపు ప్రతిలో అప్పటికే పొన్నూరు అని చక్కగా రాసి ఉంది. రిజిస్టరు మొత్తంలో ‘పొ’ అని ఉన్నవి ఈ రెండే.

“ఇదుగో ఆయమ్మా. పొన్నూరు.”

ఆమె రెండు పుస్తకాలూ మార్చి మార్చి చూసింది. చదువుకున్న మనిషి. “ఇందులో ఒక్క అక్షరమే ఉంది గదండీ. పొదిలి కూడా పొ నే గదా?”

ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్చీలోంచి నన్ను నేనే లాగి ఒకటి కొట్టాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం నవ్వాను. తెలిసినవాడు తెలియనివాళ్ళను చూసి నవ్వే నవ్వు. ప్రకాశం జిల్లా మొన్నమొన్న పుట్టిందని, ఆమె చిన్నతనంలో పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేదని, మన చర్చి గుంటూరు జిల్లాది కాబట్టి మన రిజిస్టరులో పొ అంటే గుంటూరు జిల్లా పొన్నూరే అవుతుందని, గోడ మీద మ్యాపు కూడా చూపించి చెప్పాను. కరువులో నడిచేవాళ్ళు జిల్లా సరిహద్దు దగ్గర ఆగి వెనక్కి పోతారని నా ఉద్దేశం కాబోలు.

“మరి ఆ బావో?”

“చిన్నపిల్లల కంటికి ప్రతి బావీ లోతుగానే ఉంటుంది ఆయమ్మా. అది మనస్తత్వ శాస్త్రం” అన్నాను. బీఈడీలో ఆ పేపరులో నాకు వచ్చినవి బొటాబొటి మార్కులు.

“మీరు చదువుకున్నారు. పొన్నూరే అయ్యుంటుంది” అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

వేసవి సెలవులకి బోర్డింగు పిల్లలు ఇళ్ళకు పోగానే ఆయమ్మ పొన్నూరు వెళ్ళింది. అక్క ఉంటే ఇద్దామని పండుమిరప పచ్చడి ఒక జాడీ కట్టుకుంది. మూడు రోజులు అక్కడి పల్లెలో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరికీ ఏమీ తెలియదు. తిరిగొచ్చి ఆ జాడీ మా ఇంట్లో ఇచ్చేసింది. పచ్చడి చాలా బాగుంది. నెలరోజులు తిన్నాం.

“సరిగ్గా అడగలేదు మీరు. విచారించడానికి ఒక పద్ధతుంది” అని చెప్పి, క్రిస్మస్ సెలవులకి వెళ్ళేటప్పుడు పొన్నూరు పాస్టరుగారికి పద్నాలుగు ప్రశ్నలతో ఒక ఉత్తరం రాసిచ్చాను. పదకొండో ప్రశ్న, ‘మీ సంఘములో కరువు కాలపు వలసలను గూర్చి మౌఖిక సాక్ష్యములు గలవా?’ ఆయమ్మ మళ్ళీ జాడీ కట్టుకుని వెళ్ళింది, మళ్ళీ జాడీతో వచ్చింది.

“మీ ఉత్తరం చదివి ఆయన మంచినీళ్ళు తాగాడు మాస్టారూ. రెండు గ్లాసులు. మంచాయన, అన్నం పెట్టాడు” అంది. ఆ జాడీ కూడా మేమే తిన్నాం.

మరుసటి వేసవిలో మా శతవార్షికోత్సవం జరిగింది. నేను రాసిన చరిత్ర సంచిక అచ్చయింది. అందులో పాత గుమాస్తా బద్ధకం గురించి ఒక పేరా, ఆ బద్ధకాన్ని నేను ఎలా జయించానో రెండు పేరాలు ఉన్నాయి. బోర్డింగు సేవకుల పేజీలో ఆయమ్మ ఫోటో కింద ‘పొన్నూరు వాస్తవ్యురాలు’ అని వేశాం. నాకు శాలువా కప్పారు. మే నెల, మిట్ట మధ్యాహ్నం. రెండు గంటలు ఆ శాలువా తీయకుండా కూర్చున్నాను. చెమటలు కారాయి గానీ తీయలేదు.

ఆయమ్మకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. తర్వాతి క్రిస్మస్ దాకా కదల్లేకపోయింది. ఆ క్రిస్మస్‌కి మూడోసారి వెళ్ళింది. వచ్చాక బోర్డింగు వంటింట్లో బియ్యం ఏరుతూ కనిపించింది. ఏమైందని అడిగాను.

“ఒక ముసలాయన అన్నాడు మాస్టారూ. ‘కరువొస్తే జనం పొన్నూరు వస్తారు గానీ, పొన్నూరు వదిలిపెట్టి ఎవరన్నా పోతారా అమ్మా? ఎదురుగా కాలవ పారతా ఉంటే’ అన్నాడు. వాళ్ళకి లోతు బావుల సంగతే తెలీదండీ. చెయ్యి చాపితే నీళ్ళు.”

“ఆయనెవరో చదువుకోని మనిషి. ఆయన మాట ప్రమాణమా?” అన్నాను. ఆమె బియ్యంలోంచి రాయి తీసి పక్కన పెట్టింది. నేను మ్యాపు సంగతి మళ్ళీ ఎత్తబోయాను గానీ, పొన్నూరు ఉన్నది కృష్ణా డెల్టాలో, అక్కడ కరువు అన్న మాట నా నోట్లోనే తిరగలేదు. దానికి ముప్ఫై మైళ్ళ దూరంలో పుట్టి పెరిగినవాణ్ణి, సోషల్ మాస్టారిని, కాలవల గురించి పదో తరగతికి ఏటా పాఠం చెప్పేవాణ్ణి. ఆ ముసలాయనకు తట్టిన చిన్న సంగతి నాకు ఒకటిన్నరేళ్ళయినా తట్టలేదు.

ముఖం చాటేసి తిన్నగా బండాగారానికి వెళ్ళాను. సంచిక అచ్చయ్యాక ఆ గది తాళం తీసిందే లేదు. చరిత్ర మీద నా ప్రేమ శాలువాతో తీరిపోయింది మరి. పెట్టె మూత తీయగానే బొద్దింకలు నలువైపులా పారిపోయాయి. మిరపకాయల బస్తాలున్నన్నాళ్ళూ ఒక్క పురుగు దగ్గరికి రాలేదు. నేను బస్తాలు తీయించి, మైదా జిగురు పూసి, వాటిని విందుకు పిలిచాను. పాత రిజిస్టరుకు నేనంటించిన ఖాకీ కాగితాన్ని సగానికి పైగా తినేశాయి. తిన్నచోట చివరి పేజీ బయటపడింది. దాని మీద గుమాస్తా చేతిరాత.

‘ఊళ్ళ గుర్తులు’ అని పైన గీత గీసి, కింద వరుసగా అక్షరాలు, ఎదురుగా ఊళ్ళు. ఒక్కటి వదలకుండా. చివర్లో ‘పొ — పొదిలి’. దాని పక్కన చిన్న అక్షరాలతో, పొన్నూరు వారెవరైనా వచ్చినచో ఊరిపేరు పూర్తిగా వ్రాయవలెను అని కూడా రాసుకున్నాడు. ఆ బద్ధకస్తుడు, ఆ పని దొంగ.

కాసేపు పెట్టె మీదే కూర్చున్నాను. ఆ పేజీని అంటించే ముందు చదివి ఉంటే చాలు. చదవలేదు. వెనక అట్ట మీద ఏముంటుందిలే అనుకున్నాను.

ఆయమ్మ దగ్గరికి వెళ్ళి నేను తప్పు చేశానని చెప్పాలి. వెళ్ళాను కూడా. రెండు వారాల తర్వాత. అప్పటికి మిరప కోతలు సాగుతున్నాయి. వంటింటి గుమ్మంలో నిలబడి నేనన్న మాట ఇది: “ఆయమ్మా, కొత్త ఆధారం ఒకటి దొరికింది.”

“ఏమని?”

“పొదిలి అయ్యే అవకాశం ఉంది.”

ఆమె చేతిలో గరిటె ఆగింది. నేను అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ‘ఆ రోజే నేను అన్నాను గదా’ అనలేదు. “పొదిలి బస్సు ఎన్నింటికి?” అని అడిగింది.

ఈసారి నేనూ వెళ్ళాను. తెల్లవారుతూనే బయల్దేరి రెండు బస్సులు మారాం. ఆమె ఒడిలో జాడీ. నల్లనేల పోయి, ఎర్రనేలా రాళ్ళూ వచ్చాయి. ఎండిన వాగులు, సజ్జ కొయ్యకాళ్ళు, చేల మధ్య ఒడ్డు కట్టిన పెద్ద బావులు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని ప్రతి బావినీ చూసింది. నేను వక్కాణించి చెప్పడానికి ఏమీ లేక మొదటిసారి నోరు మూసుకున్నాను.

పొదిలిలో దిగి చర్చి వెనక పల్లెలోకి వెళ్ళాం. నేను నోట్ బుక్ తీసి, కరువు సంవత్సరపు వలసల గురించి నలుగురు పెద్దమనుషులను విచారించాను. వాళ్ళు నన్ను సర్వే వాళ్ళ మనిషనుకుని మాట దాటేశారు. ఇంతలో ఆయమ్మ ఒక గుడిసె ముందు చింతకాయలు కొడుతున్న ముసలామె దగ్గర కూర్చుని మాట్లాడుతోంది.

“చిన్నదాన్ని చంకనేసుకుని పోయిందా? పెద్దపిల్లను అవ్వ దగ్గర ఇడిసిపెట్టి?” అంటోంది ముసలామె. “మా ఎనక బజారు ఆమె ఇదే కత చెప్పేది గదా.”

చెప్పేది. భూతకాలం నాకు వినబడింది. ఆయమ్మకు వినబడలేదో, విననట్టు ఉందో, మోకాళ్ళ నొప్పి సంగతి మరిచిపోయి లేచి నిలబడింది.

వెనక బజారులో ఒక పెంకుటిల్లు. అరుగు మీద నడివయసు మనిషి పలుపు తాడు పేనుతున్నాడు. ఆయమ్మ “నాయనా, ఇక్కడ ఒకామె...” అని అడగబోయేసరికి అతను తాడు వదిలేసి లేచాడు. ఆమెను చూసి కాదు. తల వంచుకునే ఉన్నాడు, గొంతు విని లేచాడు. “మాయమ్మ గొంతు” అన్నాడు.

అతని తల్లి ఆయమ్మకు అక్కే. పక్కింటి పిల్ల కాదు. కరువులో తల్లి చిన్నదాన్ని తీసుకుని గుంటూరు వైపు నడుస్తూ, పెద్దదాన్ని పని దొరగ్గానే తీసుకుపోతానని అవ్వ దగ్గర వదిలి వెళ్ళిందట. “మాయమ్మ ముసలిదయ్యాక కూడా అదే మాట అనేది చిన్నమ్మా. చెల్లెలు నా చంకలో ఉంటే అమ్మ లాక్కుని పోయింది, నా చెయ్యి ఇడిపించుకుని పోయింది అని. గుంటూరు నుంచి ఎవరొచ్చినా అడిగేది, ఇట్టాంటి పిల్లను చూశారా అని. పిల్లంట. నీకు యాభై అరవై ఏళ్ళొచ్చుంటాయని మేం నవ్వేవాళ్ళం.”

“ఏదీ మా అక్క?” అంది ఆయమ్మ.

“పోయినేడు శనగ పీకేటప్పుడు పోయింది.”

ఆయమ్మ అరుగు మీద కూర్చుంది. జాడీ ఇంకా చేతుల్లోనే ఉంది. నేను మనసులో లెక్క వేశాను. వేయకూడదనుకున్నా ఆగలేదు. పొన్నూరుకు మొదటిసారి వెళ్ళిన వేసవిలో అక్క బతికే ఉంది. నా పద్నాలుగు ప్రశ్నల ఉత్తరం పట్టుకుని వెళ్ళిన క్రిస్మస్‌కి కూడా బతికే ఉంది.

“ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు చిన్నమ్మా? రెండేళ్ళ ముందు వచ్చినా కనబడేదే” అన్నాడు అతను. నిష్ఠూరంగా అనలేదు. ఏడుస్తూ అన్నాడు.

ఆయమ్మ తలెత్తి నా వంక చూసింది. ఇప్పుడైనా నోరు తెరవాల్సింది నేను. జిల్లాల గురించి, బావుల గురించి, మనస్తత్వ శాస్త్రం గురించి అంత మాట్లాడినవాణ్ణి. నోట్ బుక్ తెరిచి ఖాళీ పేజీ చూస్తూ నిలబడ్డాను.

“ఊరు తెలీలేదు నాయనా” అంది ఆయమ్మ.

తర్వాత ఆమెను అక్క సమాధి దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ చాలాసేపు కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి గానీ నేను దూరంగా ఉన్నాను, ఏం మాట్లాడిందో తెలియదు. తిరిగొచ్చేసరికి చుట్టాలంతా చేరారు. కోడిని కోశారు. సజ్జ రొట్టెలు చేశారు. అందరికంటే ముందు నన్ను పీట మీద కూర్చోబెట్టారు. “తినండి మాస్టారూ. మా చిన్నమ్మను మాకు ఎతికి తెచ్చిన మనిషి మీరు” అని అతను స్వయంగా వడ్డించాడు. ఆ మాటకి ముద్ద గొంతులో అడ్డం పడాలి. పడలేదు. పొద్దుటినుంచి టీ చుక్క తప్ప ఏమీ లేదు, కూర బాగుంది. రెండోసారి వేస్తానంటే వద్దనలేదు.

మర్నాడు పిల్లలకు వంట చేయాలని ఆయమ్మ ఆ సాయంత్రమే బయల్దేరింది. జాడీ అక్కడ ఇచ్చేసింది కాబట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఊరు దాటాక చెప్పేశాను. చివరి పేజీ సంగతి, ఖాకీ కాగితం, గుమాస్తా రాసుకున్న గుర్తులు, తెలిసిన తర్వాత కూడా రెండు వారాలు నాన్చిన సంగతి, అన్నీ. చెబుతూ ఏడ్చాను కూడా. నన్ను ఓదార్చడానికి ఆమె ఉందనుకున్నానేమో.

ఆమె ఓదార్చలేదు. రెండు స్టేజీలు దాటాయి.

“రెండేళ్ళు మాస్టారూ” అంది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఏడుపు తగ్గాక నేనే అడిగాను. “అక్కడ అందరి ముందూ చెప్పాల్సింది ఆయమ్మా. అతను అడిగినప్పుడు. తప్పు నాదని మీరెందుకు చెప్పలేదు?”

ఆమె కళ్ళు తుడుచుకుని, బోర్డింగు పిల్లల్లో ఎవరికో జవాబు చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

“చెబితే మీకు అన్నం పెట్టేవాళ్ళు కాదండీ. పొద్దుట్నించీ ఏమీ తిన్లేదుగా మీరు.”